సగం ధరకే గ్రాఫిక్స్ కార్డు: తీసుకోవచ్చా?

ప్రశ్న: సాయంత్రాలు వీడియో ఎడిటింగ్ చేసి కొంత సంపాదిస్తున్నాను. ఒకాయన తన ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డును కొన్న ధరలో సగానికే ఇస్తానంటున్నారు. మైనింగ్‌కు, అంటే క్రిప్టోకరెన్సీ సంపాదించే లెక్కలకు, వాడలేదట. క్రెడిట్ కార్డు మీద తీసుకోమంటారా?

జవాబు: ఆయన కొన్న ధరతో మీకు పని లేదు. 3080 వచ్చింది 2020లో. అదే పని చేసే కొత్త కార్డు ఇవాళ వారంటీతో ఎంతకు వస్తుందో చూసి, దాన్ని వంద అనుకోండి. ఆయన అడిగేది అందులో యాభై అయినా లెక్క అక్కడితో తెగదు. ఈ కార్డు ఒక్కటే, రకాన్ని బట్టి, 320 నుంచి 350 వాట్లు లాగుతుంది, చిప్ తయారుచేసిన ఎన్విడియా 750 వాట్ల పవర్ సప్లై ఉండాలంటుంది. మీది చిన్నదైతే అదీ మార్చాలి. చిప్, మెమరీల వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు, ప్యాడ్లు ఎండిపోయి ఉంటే మార్పించే ఖర్చు వేరే. ఇలా తడిసి మోపెడై అరవై దాటితే నేనైతే కొత్తదే కొనమంటాను. మిగిలే ఆ కాస్త కోసం వారంటీ వదులుకోవడం దండగ.

అసలు మీకు కార్డు అవసరమా? వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసరో ర్యామో నిండిపోయి గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటే, ఎంత మంచి కార్డు పెట్టినా పెద్దగా తేడా రాదు.

ఇక మైనింగ్ సంగతి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారాక, అందులో వాడిన కార్డులు పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చాయి. మీ చేతికి వచ్చేది అందులోదో కాదో తేల్చుకోవడం కష్టం. ఆ టెన్షన్ పెట్టుకోకండి. తక్కువ వోల్టేజీలో, శుభ్రంగా నడిపిన మైనింగ్ కార్డు కంటే దుమ్ములో మగ్గిన గేమింగ్ కార్డే అధ్వానంగా ఉండొచ్చు. ఇప్పుడెలా ఉందో చూసుకుంటే చాలు.

కార్డును నడుస్తున్న కంప్యూటర్‌లోనే చూపించమనండి. ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరవండి. పాత చిప్‌కు బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరుతో అంటగట్టే మోసాలు ఉన్నాయి, అలాంటి వాటిలో చాలావాటిని ఇది పట్టిస్తుంది. మెమరీ 10 జీబీయా, 12 జీబీయా అన్నదీ అక్కడే తెలుస్తుంది. 3080లో రెండు రకాలూ ఉన్నాయి. తర్వాత కార్డును పూర్తి భారంతో నడిపే ఫర్‌మార్క్ లాంటి పరీక్ష పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. తెర మీద రంగు చుక్కలు, గీతలు కనబడినా, తెర ఒక్కసారి నల్లబడి తిరిగొచ్చినా బేరం వద్దు. మెమరీ వేడి 110 డిగ్రీల దాకా పోతుంటే ప్యాడ్లు పోయి ఉండొచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఫ్యాన్లు గరగరమంటున్నాయేమో దగ్గరగా చెవి పెట్టి వినండి. మానిటర్ కేబుల్‌ను ఒక్కో పోర్టులో పెట్టి చూడండి. ఈ పని చాలామంది మరిచిపోతారు. చివరగా ఆపి, బయటికి తీసి స్క్రూల తలలు చూడండి. అరిగిపోయి ఉంటే ఎవరో విప్పారని అర్థం. ఎందుకు విప్పారని అడిగితే నీళ్లు నములుతారా, వచ్చేయండి.

బిల్లు, సీరియల్ నంబరు స్టిక్కరు ఉంటే, మిగిలిన వారంటీ రెండో యజమానికి వర్తిస్తుందా అని తయారీ కంపెనీని ముందే అడగండి. కంపెనీని బట్టి నియమం మారుతుంది.

క్రెడిట్ కార్డు విషయానికొస్తే, గడువు తేదీకి మొత్తం కట్టగలిగితేనే వాడండి. బాకీ మిగిల్చి నెలనెలా వడ్డీ కడితే మీకు కలిసొచ్చిందంతా అందులోనే పోతుంది. అత్యవసర నిధిని అసలు ముట్టుకోవద్దు. మూడో నెలలో గ్రాఫిక్స్ కార్డు చచ్చిపోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని డబ్బే దీనికి పెట్టండి. పరీక్ష అయ్యాకే చెల్లించండి. వారంలోపు పాడైతే వెనక్కి తీసుకుంటానని ఆయన చేత ఒక మెసేజ్ పెట్టించుకోండి.