కాలేజీలో చేరిన అమ్మాయికి, రాయడం గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న అందింది. హాస్టల్ భోజనం గురించి నాలుగు ముక్కలు రాసి, మిగిలినదంతా ఒక్క సంగతి మీదే రాశావు. తెలుగు మేడమ్ గారు ‘మా ఊరు’ గురించి సొంత మాటల్లో రెండు పేజీల వ్యాసం రాసుకు రమ్మన్నారని, కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలడం లేదని, రాసిన రెండు వాక్యాలూ చదువుకుంటే సిగ్గు వేస్తోందని, ఇంటర్లో అన్ని మార్కులు తెచ్చుకున్న నీకు అసలు రాయడమే రాదేమోనని దిగులుపడుతున్నావు. ఉద్యోగమంతా మన వైపు డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెబుతూ, ఏటేటా మొదటి సంవత్సరం పిల్లల కాగితాలు దిద్దినవాణ్ణి కనుక, ఈ దిగులు నాకు కొత్త కాదు. బాగా చదివే పిల్లల్లోనే ఇది ఎక్కువగా చూశాను.

దానికి కారణం నీలో లేదు తల్లీ. ఇంటర్ రెండేళ్లూ నువ్వు రాసినవన్నీ రెండు మార్కులు, నాలుగు మార్కులు, ఎనిమిది మార్కుల జవాబులు. అవి కాకపోతే ఎంట్రన్స్ పరీక్షల బిట్లు. వాటన్నిటికీ జవాబు ముందే ఎక్కడో ఉంది, నువ్వు దాన్ని గుర్తుపెట్టుకుని కాగితం మీద దింపావు. అది చిన్న పనేమీ కాదు, కానీ అది జ్ఞాపకశక్తి చేసే పని. ఇప్పుడు మేడమ్ గారు అడుగుతున్న దానికి జవాబు ఏ గైడులోనూ లేదు. నువ్వు రాస్తే తప్ప అది పుట్టదు. ఇంతవరకూ ఎవరూ నిన్ను అడగని పని మొదటిసారి చేస్తుంటే చెయ్యి ఆగడం సహజమే కనుక, దాన్ని చేతకానితనంగా లెక్కవేసుకోవద్దు.

నువ్వు రాసి కొట్టేసిన వాక్యాన్ని ఉత్తరంలో చూపించావు: ‘గోదావరి నదీ తీరమున వెలసిన మా గ్రామము ప్రకృతి సౌందర్యమునకు నిలయము.’ ఇందులో తప్పు లేదు, కానీ నువ్వూ లేవు, గోదావరి పాయల నడుమ ఉన్న మన లంక ఊరూ లేదు. ఏ ఊరి పిల్ల అయినా నది పేరు మార్చి ఇదే వాక్యం రాసుకోవచ్చు. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు నువ్వు నాకు ఫోనులో చెప్పిన మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకో. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది అని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఎలా నోటికి వచ్చో చెప్పావు. ఎదురుపడ్డవాళ్లు బాగున్నారా అని అడగడం మానేసి ‘ఎన్ని అడుగులంట?’ అని అడుగుతున్నారన్నావు. పశువులను ఏటిగట్టు మీదికి తోలేశాక ఖాళీ పాక చూడలేక మీ నాన్న అటు వెళ్లడమే మానేశాడన్నావు. నాయనమ్మ పాసు పుస్తకాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి కట్టిందని, వీధి గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, నీరు దాన్ని దాటిందో లేదో గంటగంటకూ టార్చిలైటు వేసి నీ చేత చూపించిందని చెప్పావు. ఆ సుద్దగీత దగ్గర మొదలుపెట్టు. ‘వరదల వల్ల ప్రజలు అనేక ఇబ్బందులకు గురవుతారు’ అని ఎవరైనా రాస్తారు. ఆ గీతను చూసినదానివి నువ్వు.

మొదటిసారి రాసేటప్పుడు దిద్దుకోవద్దని నా గట్టి సలహా. నువ్వు ఒక వాక్యం రాసి, వెనక్కి వెళ్లి, కొట్టేసి, మళ్లీ అదే రాస్తున్నావని నీ మాటలను బట్టి తెలుస్తోంది. నారుమడిలో విత్తనాలు ఒత్తుగానే చల్లుతారు, ఎడం చూసుకునేది ఊడ్పుల నాడు. అలాగే తోచినదంతా ఒకరోజు ముందూ వెనకా చూడకుండా రాసిపెట్టి, కనీసం ఒక రాత్రి దాని జోలికి పోకు. మర్నాడు తలుపు వేసుకుని పైకి చదువు. ఎక్కడ ఊపిరి చాలదో అక్కడ వాక్యం విరగాలి, ఎక్కడ నీ గొంతు నీకే పరాయిగా వినిపిస్తుందో అక్కడ మాట మారాలి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

భాష గురించి నువ్వు పడుతున్న బెంగ వేరు. పక్క బెంచీ అమ్మాయి సమాసాలతో రాస్తుందని, మన ఇంటి మాటలు వ్యాసంలో పెడితే నవ్వుతారని రాశావు. నువ్వు చదువుతున్న రాజమహేంద్రవరంలోనే ఈ వాదం ఎంత పెద్దగా నడిచిందో తెలుసుకుంటే నీకు ధైర్యం వస్తుంది. విద్యార్థులు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలన్న దాని మీద నూరేళ్ల కిందట పండితులు రెండు పక్షాలుగా చీలిపోయారు. గ్రాంథికంలో గ్రంథాలు రాసి పేరుపొందిన కందుకూరి వీరేశలింగం గారే, 1919లో వాడుక భాష వ్యాప్తి కోసం ఆ ఊళ్లో ఏర్పడిన సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగు రామమూర్తి గారు కార్యదర్శి. ఆ పెద్దలు పోరాడి తెరిచిన దారి ఇప్పుడు నీ ముందుంది. అయితే వాడుక భాష అంటే నోటికొచ్చినట్టు రాయడమని అనుకోవద్దు. వాక్యం పూర్తి కావాలి, కర్త ఎవరో తెలియాలి, ఒత్తులు సరిగ్గా పడాలి. నాయనమ్మ మాట్లాడితే ఆమె మాట ఆమె యాసలోనే ఉండనీ, కథ చెప్పే నీ మాట నిదానంగా, శుభ్రంగా సాగనీ.

ఫోనును అడిగితే క్షణంలో రెండు పేజీలు రాసి ఇస్తుందని, హాస్టల్లో చాలామంది అదే చేస్తున్నారని కూడా రాశావు. ఈ వ్యాసానికి మాత్రం ఆ పని చేయవద్దని బతిమాలుకుంటున్నాను. నీకు మార్కులు తగ్గుతాయని కాదు, ఈ వయసులో నీ ఆలోచనను నువ్వే పట్టుకోవడం అలవాటు కాకపోతే తరవాత ఆ అలవాటు పడడం చాలా కష్టం.

వీలైనప్పుడు గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి కూర్చో. ఏదైనా మంచి వచనం ఒక పేరా ఎంచుకుని, చేత్తో నోటుబుక్కులోకి ఎక్కించు. కళ్లతో చదివితే జారిపోయేవి, రచయిత క్రియను ఎక్కడ పెట్టాడు, ‘చాలా’ అన్న మాట వాడకుండా ఎలా నెగ్గుకొచ్చాడు అన్నవి చెయ్యి రాస్తున్నప్పుడు తెలుస్తాయి.

వ్యాసం ఇచ్చాక మేడమ్ గారిని ‘బాగుందా అండీ?’ అని అడగకు. బాగుందనే అంటారు, దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. ‘ఎక్కడ అర్థం కాలేదండీ, ఎక్కడ ఇంకా తెలుసుకోవాలనిపించిందండీ?’ అని అడుగు. దసరా సెలవులకు వచ్చేటప్పుడు చిత్తుప్రతులు కూడా తీసుకురా, పారేయకు. సాఫుగా రాసిన ప్రతి కన్నా నేను అవే ముందు చూస్తాను. ఎర్ర సిరా వాడనులే.

ఇట్లు,
మీ పెదనాన్న