మాన్పించకండి. మా అమ్మాయి కొబ్బరి చెట్లు లెక్కపెట్టిన సంగతి చెప్తాను

"మా ఆరేళ్ల పాప ఎవరొచ్చినా ఇంట్లో సంగతులు ఉన్నదున్నట్టు చెప్పేస్తోంది, నలుగురిలో పరువు పోతోంది, ఎలా మాన్పించాలి?" అని అడిగారు. మాన్పించకండమ్మా. నేనొకసారి మాన్పించబోయాను. గిల్లిన మచ్చ నా కూతురి చేతి మీద రెండు రోజుల్లో పోయింది గానీ నా మనసులోంచి ఇన్నేళ్లైనా పోలేదు.

నాది బొబ్బిలి వైపు. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర, ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో ఒక పల్లెకి కోడలిగా వచ్చాను. ఇక్కడంతా కొబ్బరి, జీడి, పనస. మా మామగారు నాటిన కొబ్బరి చెట్లు నలభై పైచిలుకు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది, దసరా నవరాత్రులు మొదలైన మర్నాడే. చెట్టు పడినప్పుడల్లా కింద నేల అదిరేది. మా అత్త మంచం కోడు పట్టుకుని చీకట్లో ఒక్కొక్కటీ పోల్చుకునేది. "అది నూతి దగ్గరది. అది పాక వెనకది. అది మీ మామ ఆకరున వేసింది." ఆవిడ ఏడవలేదు. అలా చెప్తూనే ఉంది, తెల్లారేదాకా.

తెల్లారాక బయటికొస్తే వీధి ఎక్కడుందో తెలియలేదు. కరెంటు పోయింది కాబట్టి మోటార్లు లేవు, నీళ్లు లేవు. పెద్దవాళ్లమంతా బిందెలు పట్టుకుని చేతి బోరు దగ్గర నిలబడితే పిల్లలకి బడి లేక తోటలో తిరిగారు. మా పెద్దమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్లు. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసుకుని, పడిన మాను మీంచి మాను మీదికి దూకుతూ ఒక్కోదాని మీద నెంబరు వేసింది. 9 తిరగేసి వేసింది. ఆఖరి నెంబరు 17.

కొన్నాళ్లకి నష్టం రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. పడిన కొబ్బరి చెట్టుకి సర్కారు 1500 రూపాయలు ఇస్తుందని అప్పటికే ఊరంతా తెలుసు. ఎన్ని పడ్డాయి అని ఆయన అడిగితే మా ఆయన ఇరవయ్యారు అన్నాడు. అరుగు మీద కూర్చున్న మా అమ్మాయి, "కాదు నాన్నా, పదిహేడు. నేను నెంబర్లేశాను" అంది, ఎంతో సంతోషంగా, నాన్నకి తెలియక తప్పు చెప్తున్నాడనుకుని సాయం చేస్తున్నట్టుగా. నేను వెనకనుంచి దాని మోచేతి పైన గిల్లాను, గట్టిగానే. అది అరవలేదు. నా వైపు తిరిగి చూసింది, అంతే.

ఆయన తోటలోకి వెళ్లి బొగ్గు నెంబర్లు చూసుకుంటూ నడిచాడు, 17 రాసుకుని వెళ్లిపోయాడు. తొమ్మిది చెట్ల డబ్బు, 13,500 రూపాయలు, మాకు రాకుండా పోయింది. ఆ రోజుల్లో మాకది చిన్న డబ్బు కాదు.

మా ఆయన పక్షం కూడా చెప్పాలి. ఆ తొమ్మిదీ గాల్లోంచి తెచ్చిన లెక్క కాదు. చెట్లు నిలబడే ఉన్నాయి గానీ గాలికి మొవ్వులు, అంటే చెట్టు తలలో ఉండే లేత చిగుళ్లు, మెలి తిరిగిపోయాయి, ఎలాగూ చచ్చేవే అని మా ఆయన వాదన. వాటిలో నాలుగు నిజంగానే ఎండిపోయాయి. అయిదు బతికి ఈ రోజుకీ కాస్తున్నాయి. "పదిహేడు పడ్డాయి, తొమ్మిదికి మొవ్వు దెబ్బతింది, చూడండి" అనుంటే నష్టం రాసుకునేవాయన ఏం రాసేవాడో, రాసేవాడు కాదో. మేం ఆ మాట అనలేదు. నిజం చెప్తే నష్టపోతామని ముందే తేల్చేసుకున్నాం.

నష్టం రాసుకునేవాయన వెళ్లాక నేను పిల్ల మీద పడ్డాను. మా అత్త లోపలినుంచి వచ్చి, "గుంట ఉన్నమాటే కదేటి చెప్పింది, దాన్నెందుకు గిల్లడం? తప్పు చెప్పింది నా కొడుకు, ఆడ్ని గిల్లు" అంది. నా నోరు పడిపోయింది.

ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో పిల్ల నా పక్కన పడుకుని, "అమ్మా, నేను లెక్క తప్పానా?" అని అడిగింది. నిజం చెప్పినందుకు దెబ్బ పడిందన్న ఊహే రాలేదు దానికి. తన లెక్కలో తప్పుందనుకుంది. పడుకోమన్నాను. పొద్దున్నే లేచి చూస్తే పక్కలో లేదు. తోటలో మళ్లీ మాను మాను మీదా వేలు పెట్టి లెక్కపెట్టుకుంటోంది. పరిగెత్తుకొచ్చి "పదిహేడే అమ్మా" అంది. అప్పుడు ఏడ్చాను. తుపానుకి ఏడవనిదాన్ని అప్పుడు ఏడ్చాను.

ఊళ్లో మాకది కొన్నాళ్లు కష్టంగానే గడిచింది. మా తోట చూశాక ఆయన మిగతావాళ్ల తోటల్లోనూ నడిచి లెక్కపెట్టాడట. బోరు దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. ఒకామె మొహం మీదే "మీ గుంటకి నోరు కుట్టలేకపోయారేటి" అంది. మా డ్వాక్రా సంఘం మీటింగులో కూడా అదే గుసగుస. నెలనెలా పొదుపు పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వస్తే ఒప్పుకోని ఆడవాళ్లు వీళ్లే! మనలో మనకి లెక్క సరిగా ఉండాలి, సర్కారు డబ్బైతే లెక్క ఉండక్కర్లేదు. ఈ రెండు తక్కెళ్ల బతుకు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. పిల్లలకి నిజాయితీ బళ్లో నీతి కథలతో వస్తుందంటే నేను నమ్మను. పొద్దున్న కథ చెప్పించుకున్న పిల్లే సాయంత్రం ఫోను మోగగానే "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అన్న మాట వింటుంది. ఏది నేర్చుకుంటుంది? నాన్నమ్మలున్న ఇళ్లలోనే పిల్లలు నిజం చెప్పి బతికి బయటపడతారని నా గట్టి నమ్మకం. తల్లి కొట్టబోతే వెనక్కి లాక్కునే చెయ్యి ఒకటి ఉండాలి.

మీరు పరువు అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీరు వినే ఉంటారు. దశాబ్దాలుగా ఉంది, కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దానికోసం పెద్దాసుపత్రే తెరిచారు. ఇళ్లలో మాత్రం "బయట చెప్పకు" అన్న మాట పోలేదు. ఇంట్లో జబ్బుందంటే పిల్లకి సంబంధం రాదని భయం. మా చినమామగారి ఇంట్లో అదే జరిగింది. మనవరాలి పెళ్లిమాటలకి వచ్చినవాళ్ల ముందు అయిదేళ్ల మనవడు "తాత కాళ్లు ఉబ్బిపోయాయి, నొక్కితే గుంట పడుతోంది" అన్నాడు. వేలితో నొక్కి చూపించాడు కూడా. నలుగురూ వాడి నోరు మూసి బయటికి పంపేశారు. ఆ ముక్క పట్టుకుని మర్నాడే రక్తపరీక్ష చేయించినా బాగుండేది. ఆర్నెల్లు పోయాక చేయించారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ ఎంతో నాకు గుర్తులేదు, డాక్టరు తల పట్టుకున్నాడని చెప్పారు. ఇప్పుడు మా చినమామగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి సోంపేట వెళ్తున్నారు. ఆ రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను. నేనూ నోరు మెదపలేదు. మా పెద్దమ్మాయిని గిల్లి ఏడ్చినదాన్ని, ఆ పిల్లాడి పక్కన నిలబడి "వాడు నిజమే అంటున్నాడు, ముందు పరీక్ష చేయించండి" అనలేకపోయాను. పెళ్లి కుదిరింది. ఆయన కాళ్ల సంగతి పెళ్లయ్యాక వియ్యాలవారికి తెలిసింది, ఇప్పటికీ ఆ ఇంటికీ ఈ ఇంటికీ సరిగా మాటల్లేవు.

అందుకే మాన్పించకండి అంటున్నాను. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఆ రోజు గిల్లినందుకు దానికి క్షమాపణ చెప్పాను, అదీ మొన్నీమధ్యే. "నాకు గుర్తుందమ్మా" అంది, ఇంకేం అనలేదు.

ఈసారి అప్పు వసూలుకి ఎవరైనా వచ్చి, మీ పాప "నాన్న లోపలే ఉన్నాడు" అంటే దాన్ని లోపలికి లాక్కెళ్లకండి. మీరే గుమ్మంలోకొచ్చి "అవునండీ, ఉన్నారు. డబ్బు సర్దలేదు, పదో తారీఖు తర్వాత రండి" అనండి. పాప మీ చీర కొంగు పట్టుకుని పక్కనే నిలబడి వింటుంది. విననివ్వండి.