ఇంజంక్షన్ దావా కొట్టేశారు, అప్పీల్ వేస్తే కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుందా?

మామూలుగా నడవదండి. ఇంజంక్షన్ అంటే అవతలివాళ్లు భూమి జోలికి రాకుండా ఆపే కోర్టు ఆర్డర్. అప్పీల్‌లో సాధారణంగా సాక్షులను మళ్లీ పిలవరు. కింది కోర్టులో పడిన కాగితాలు, సాక్ష్యాల మీదే పై కోర్టు వాదనలు వింటుంది. అయితే మొదటి అప్పీల్‌లో జిల్లా జడ్జి వాస్తవాలను, చట్టాన్ని రెండింటినీ తిరిగి పరిశీలించాలి. ఆ తర్వాత హైకోర్టులో రెండో అప్పీల్ ఉంటుంది గానీ, అక్కడ ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వింటారు. అందుకే మీ బలమంతా ఈ మొదటి అప్పీల్‌లోనే పెట్టండి.

భూమి మీ కబ్జాలోనే (స్వాధీనంలోనే) ఉందని, పక్కవాళ్లు రిజిస్ట్రీ కాగితం చూపిస్తే హక్కు తేలలేదని దావా కొట్టేశారని రాశారు. పరకాల వైపు మా బాపు భూమి విషయంలోనూ అచ్చం ఇదే జరిగింది. గెట్టు (పొలం హద్దు) పంచాయితీగా మొదలై కోర్టుకెక్కింది.

ముందు గడువు సంగతి. జిల్లా కోర్టులో అప్పీల్‌కు 30 రోజులు. తీర్పు, డిక్రీ (తీర్పు ప్రకారం కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) నకళ్లు తయారు కావడానికి పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు. కానీ మీరు దరఖాస్తు పెట్టకుండా గడిపిన రోజులు తీసెయ్యరు. ఇంకా పెట్టకపోతే రేపే పెట్టండి. గడువు దాటితే ఆలస్యానికి కారణాలు చెప్తూ వేరే పిటిషన్ వెయ్యాలి, అది ఇంకో టెన్షన్.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. దావా కొట్టేసిన రోజే అంతకుముందు వచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్ కూడా పోతుంది. అప్పీల్ వేసినంత మాత్రాన అది తిరిగి రాదు. అప్పీల్‌తో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ కోసం వేరే పిటిషన్ వేయించండి, లేదంటే అవతలివాళ్లు ట్రాక్టర్ దింపితే ఆపడానికి మీ చేతిలో ఆర్డర్ ఉండదు.

ఇక అసలు విషయం. హనుమకొండ కోర్టులో మేం పెట్టుకున్న సీనియర్ వకీలు గారు తీర్పు కంటే ముందు మా దావా కాగితం అడిగారు. చదివి, అనతుల సుధాకర్ వర్సెస్ పి. బుచ్చిరెడ్డి కేసు గురించి చెప్పారు. అది వరంగల్ కేసే, రంగంపేటలోని ఖాళీ జాగాల మీద వచ్చింది. కింది కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది, మొదటి అప్పీల్‌లో పోయింది, హైకోర్టులో మళ్లీ వచ్చింది. 2008లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. హక్కు మీదే గట్టి వివాదం ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ అడిగితే సరిపోదు, హక్కు ప్రకటన (ఆ భూమి మనదేనని కోర్టు తేల్చి చెప్పడం) కూడా అడగాలి అని తేల్చింది. దావాలో రాయని హక్కు కథను సాక్ష్యంలో చెప్పినా కోర్టు తీసుకోదని కూడా చెప్పింది. ఈరోజుకీ దేశమంతటా భూమి కేసుల్లో ఈ తీర్పునే చూపిస్తారు. మన ఊరి జాగా మీద వచ్చిన తీర్పు మన రైతులకే తెలియకపోవడం నాకు నిజంగా బాధ అనిపిస్తుంది.

మా దావాలో కూడా ఇంజంక్షన్ ఒక్కటే అడిగి ఉంది. పహాణీలు (ఏ ఏడాది భూమి ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డులు) దండిగా ఉన్నాయి, కానీ పహాణీ కబ్జాకు ఆధారం అవుతుందే తప్ప దానితోనే హక్కు రాదు. వకీలు గారు అప్పీల్‌తో పాటు, హక్కు ప్రకటన చేర్చేలా దావా సవరణకు పిటిషన్ వేశారు. జడ్జి గారు సవరణ ఒప్పుకుని, కేసును మళ్లీ విచారించమని కింది కోర్టుకు పంపారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. హక్కు ప్రకటనకు 3 ఏళ్ల గడువు ఉంటుంది, మీ హక్కును వాళ్లు మొదట ఎప్పుడు కాదన్నారన్నది చాలా కీలకం.

కాబట్టి వకాలత్ (వకీలుకు మీ కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టేముందు మీ దావా, అవతలివాళ్ల జవాబు, తీర్పు మూడూ పక్కపక్కన పెట్టి వకీలుతో చదివించుకోండి. ఏ అంశం మీద ఓడిపోయారో, దాని మీద మీరు వేసిన ఏ కాగితాన్ని తీర్పులో పట్టించుకోలేదో రాసుకోండి. అప్పీల్ గ్రౌండ్స్‌లో (అప్పీల్‌కు చూపే కారణాల్లో) అవి నంబర్లతో సహా రావాలి.

దావా మీ అమ్మగారి పేరు మీదనే ఉందన్నారు కదా, ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆధార్, తీర్పు నకలు వెంట తీసుకెళ్లండి.