ఆసుపత్రి బిల్లు వస్తే తప్పెవరిది అనుకోవాలి?

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్లు తరచూ అడిగేది ఇదే: "అన్నా, నెలనెలా జీతంలోంచి ఇన్సూరెన్స్‌కి కట్ చేస్తున్నారు కదా, మళ్లీ ఈ బిల్లేంటి?" ఇక్కడి జనాన్ని అడిగితే ఎక్కువమంది ఇన్సూరెన్స్ కంపెనీలనీ, మందుల కంపెనీలనీ తిడతారు. తమకు వైద్యం చేసే డాక్టర్ మీద మాత్రం అంత కోపం ఉండదు.

ఆ కోపంలో న్యాయం ఉంది. క్లెయిమ్ తిప్పికొడితే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ లెక్క కూడా చూడండి. 2023లో ఈ దేశం వైద్యానికి పెట్టిన ఖర్చు దాదాపు 4.9 లక్షల కోట్ల డాలర్లు. అందులో ఆసుపత్రుల వాటా 31 శాతం దాకా ఉంటే, మందుల షాపుల్లో ప్రిస్క్రిప్షన్ మీద కొనే మందులది 9 శాతమే. ఒక ఊళ్లో ఆసుపత్రులన్నీ ఒకే యాజమాన్యం కిందికి వెళ్తే, వాళ్లు చెప్పిన రేటుకి ఇన్సూరెన్స్ కంపెనీ తల ఊపక తప్పదు. ఆ భారం మళ్లీ మన ప్రీమియం మీదే పడుతుంది. నన్నడిగితే అసలు జబ్బు ఈ రేట్లలోనే ఉంది.

అందుకే బిల్లు రాగానే టెన్షన్ పడి కార్డు గీకేయకండి. ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ (ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్) అనే లెక్కల కాగితం వచ్చేదాకా ఆగండి. ఆసుపత్రి అడిగిందెంత, ఒప్పందం ప్రకారం తగ్గిందెంత, ఇన్సూరెన్స్ ఇచ్చిందెంత, మీరు కట్టాల్సిందెంత అన్నీ అందులో ఉంటాయి. చివరి అంకె బిల్లుతో కలవకపోతే ఆసుపత్రి బిల్లింగ్ వాళ్లకి ఫోన్ చేసి ఐటమైజ్డ్ బిల్లు, అంటే దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు, అడగండి. మా అబ్బాయి చెయ్యి విరిగినప్పుడు వచ్చిన బిల్లులో వాడికి వెయ్యని పట్టీకి కూడా ఛార్జీ ఉంది. అడిగితే తీసేశారు. అడగడానికి మొహమాటపడొద్దు, ఇక్కడ అది మామూలే.

కట్టలేని మొత్తమైతే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ గురించి, అంటే స్థోమత లేనివాళ్లకి బిల్లు తగ్గించడం లేదా మాఫీ చేయడం గురించి, అడగండి. పన్ను మినహాయింపు ఉన్న నాన్ ప్రాఫిట్ ఆసుపత్రులకు అలాంటి పాలసీ ఉండి తీరాలని చట్టమే చెబుతోంది. క్లెయిమ్ తిరస్కరిస్తే అప్పీలుకి మామూలుగా 180 రోజుల గడువుంటుంది, వదులుకోకండి. ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేనిదానికి, వెళ్లినా, 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ వల్ల నెట్‌వర్క్ లోపలి ఆసుపత్రిలో పడే మీ వాటా కంటే ఎక్కువ మీ మీద రుద్దకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి మాత్రం ఈ చట్టం వర్తించదు, ఆ బిల్లు విషయంలో మీ రాష్ట్రం రూల్స్ విడిగా చూసుకోండి.