కౌంటరు ఇవతల నుంచి, శిరీషకు

చిరంజీవి శిరీషకు, ప్రొద్దుటూరు నుంచి పెదనాయన ఆశీస్సులు.

విదేశాంగ సర్వీసు (ఐఎఫ్‌ఎస్) ఆఫీసరుగా ముస్సోరి ట్రైనింగ్ అయిపోయిందనీ, వచ్చే వారం ఢిల్లీలో కొత్త దౌత్యవేత్తలకు శిక్షణ ఇచ్చే సుష్మా స్వరాజ్ సంస్థలో చేరతావనీ మీ నాయన ఫోన్లో చెప్పినాడు. 1986లో పెట్టినప్పుడు దాన్ని ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అనేవాళ్లు, 2020లో ఆమె పేరు పెట్టినారు. నేను అందులో చదివినోణ్ణి కాదు. గల్ఫ్ ఎంబసీల్లో కౌంటరు వెనక కూర్చున్న గుమాస్తాను. అక్కడ పాసై వచ్చిన కొత్త ఆఫీసర్లు మా పక్కన ఎట్లా తడబడతారో చూసినా గాబట్టి రాస్తాండా.

అంతర్జాతీయ చట్టం, వాణిజ్యం, దౌత్య సంబంధాల మీద 1961 నాటి వియన్నా ఒప్పందం చెప్తారు. చదువు నీకు కొత్తా? విందులో ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా చెప్తారు, అదీ వారంలో వస్తుంది. పై దేశాల కుర్ర దౌత్యవేత్తలకు 1992 నుంచి అక్కడే కోర్సు నడుస్తాంది. క్యాంటీన్లో మనోళ్ల బల్ల వదిలి వాళ్ల పక్కన కూర్చో.

నేను గట్టిగా చెప్పేది భాష గురించే. ఏ విదేశీ భాష నేర్చుకుంటావో నీ ఇష్టాలు రాసిమ్మంటారు, ర్యాంకు కూడా చూస్తారు. ఫ్రెంచి అంటే ప్యారిస్ కండ్లముందు ఆడుతుంది, నాకు తెలుసు. అయినా అరబిక్ ముందు రాయి. రెండేండ్ల పని, పరీక్ష పాసైతేనే ఉద్యోగం ఖాయమయ్యేది. కానీ కువైట్‌కు మనిషిని పంపని వీధి మన జిల్లాలో యాడుంది?

ఒకరోజు ఒకామె వచ్చింది. ఖద్దామా పని, అంటే ఇంటి పనిమనిషి. పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉండిపోయింది, పారిపోయిందని ఆయన కేసు పెట్టినాడు. కొంగు ముడిలోంచి వీసా జిరాక్సు తీసింది, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినాయి. ఔట్‌పాస్ కావాల, అంటే పాస్‌పోర్టు లేకున్నా ఇంటికి పోనిచ్చే కాయితం. ఆఫీసరు హిందీలో అడిగితే తల ఊపుతాంది, ఏం అర్థమైందో దేవుడికే ఎరుక. నేను తెలుగులో పలకరించేసరికి ఏడ్చింది. ఊరేదమ్మా అంటే మైలవరం అంది. క్యూ పెద్దదిగా ఉంది, ఫారంలో ‘మైలవరం, ఆంధ్రప్రదేశ్’ అని రాసి పంపేసినా. విచారణ కాయితం కృష్ణా జిల్లా మైలవరానికి పోయింది. ఆమెది మన జమ్మలమడుగు పక్క మైలవరం! యాస వింటూనే కనిపెట్టాల్సిన ప్రొద్దుటూరోణ్ణి, జిల్లా అడగలేదు. పద్దెనిమిది దినాలు ఎక్కువ ఉండింది ఆయమ్మ, నా పెన్ను వల్ల. నువ్వు మాత్రం ఊరు, మండలం, బస్సు దిగే చోటు, ఇంటిపేరు, అన్నీ అడుగు. మనోళ్ల ఇంటిపేరు ముందుంటుంది, ఫారాల్లో అది తండ్రి పేరు గడిలోకి జారిపోతాది. చూసుకో.

బ్రౌన్ దొర కూడా మద్రాసులో కుంఫిణీ కాలేజీలో తెలుగు నేర్చుకునే 1820లో కడపకొచ్చినాడు. అంతటితో సరిపెట్టుకోలేదు, ఇక్కడ బంగళా కొని పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. నిఘంటువు అచ్చయ్యేటప్పటికి 1852. నీకు అరబిక్ చెప్పే పంతులు క్లాసులో ఉంటాడు సరే, పాఠం అయినాక టీ కొట్టోడితో, టాక్సీవాడితో మాట్లాడు. పోలీస్ స్టేషన్లో పనికొచ్చే అరబిక్ నాకు వాళ్ల దగ్గరే వచ్చింది.

యర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం నువ్వు ఇంతవరకు చూడలేదంట గదా, సిగ్గుచేటు. శనివారం కడపకు రా, నేను బస్టాండు దగ్గర ఉంటా. మీ పెద్దమ్మ నిప్పట్లు చేస్తాంది, సంచి పెద్దది తెచ్చుకో.

పెదనాయన