ప్రభుత్వాలు, కంపెనీలు డిజిటల్ అవుతున్న కొద్దీ పైస్థాయి వాళ్లకు ఎదురయ్యే అసలు సైబర్ సవాలు ఏమిటి?

వాళ్ల అలవాట్లే. నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ డబ్బు పెడితే వస్తుంది, అలవాట్లు అలా మారవు. హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీలో కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసే ఉద్యోగం నాది. కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఖరీఫ్ ముందు మాకు ఊపిరి సలపని పని. అలాంటి రోజున అకౌంట్స్ అమ్మాయికి కొత్త నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. డీపీలో ఎండీ గారి ఫోటో. "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు. ఈ ఖాతాకు వెంటనే పంపించు." పంపేసింది. సాయంత్రం ఆయన్ని బిల్లు అడిగితే అసలు సంగతి బయటపడింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, బ్యాంకుకు పరిగెత్తాం. కొంత డబ్బు అవతలి ఖాతాలో ఆగింది, మిగతాది అప్పటికే చేతులు మారిపోయింది.

మర్నాడు మీటింగ్‌లో అందరూ ఆ అమ్మాయి మీద పడ్డారు, ఆమాత్రం తెలియదా అని. ఆమె ఏడుస్తూనే ఫోన్ తీసి, ఎండీ గారి సొంత నంబరు నుంచి వచ్చిన పాత మెసేజీలు చూపించింది. "బిజీగా ఉన్నా, ఫోన్ చేయకు, ముందు పంపించు, ఓచర్ తర్వాత." దాదాపు అవే మాటలు. ఒకసారి ఫోన్ చేసి అడిగినందుకు తిట్లు కూడా తిన్నదట. ఎండీ గారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం మాత్రం పోనివ్వలేదు. పెద్ద మొత్తమైతే తన పాత నంబరుకు ఫోన్ చేసి అడిగాకే పంపాలని, తను విసుక్కున్నా సరే అడగాలని ఆ వారమే రూలు పెట్టారు.

ఏటా ఉద్యోగులకు సైబర్ భద్రత వీడియో చూపించి క్విజ్ పెడతారు కదా, ఆ క్విజ్ ఒక్క డైరెక్టరు రాయగా నేను చూడలేదు. సంతకం పవరు ఉన్నది వాళ్లకే!

2022 జనవరిలో హైదరాబాదు మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా కొల్లగొట్టారు. సిబ్బందికి వచ్చిన ఫిషింగ్ మెయిళ్లతో, అంటే నమ్మించి మోసగించే మెయిళ్లతో, దొంగలు లోపలికి దూరారు. బ్యాంకు సిస్టమ్‌లో అన్ని అధికారాలూ ఉండే సూపర్ యూజర్ ఖాతాలు అవసరానికి మించి ఉన్నాయని, కొన్నింటికి పాస్‌వర్డు ఒకటేనని పోలీసులు చెప్పారు. తర్వాత రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. పాస్‌వర్డులు విడివిడిగా పెట్టుకోవడానికి ఒక్క పూట చాలు, రూపాయి ఖర్చు లేదు. అడిగే పై అధికారి లేకపోతేనే ఇలా జరుగుతుంది.

ప్రభుత్వంలో ఇదే జబ్బు డాంగిల్ రూపంలో ఉంటుంది. డాంగిల్ అంటే డిజిటల్ సంతకం దాచి ఉండే, పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం. పంచాయతీల్లో ఆర్థిక సంఘం నిధులు చెల్లించాలంటే పంచాయతీల లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో రెండు డిజిటల్ సంతకాలు కావాలి, ఒకరు తప్పు చేస్తే మరొకరు ఆపాలని. రెండు డాంగిళ్లూ, పిన్ రాసిన చీటీతో సహా ఆపరేటర్ సొరుగులోనే ఉంటే ఇక ఆపేదెవరు? మా మేనమామ సర్పంచ్‌గా ఉన్నన్నాళ్లూ తన డాంగిల్‌ను సరిగ్గా చూసిందే లేదు. ఆపరేటర్ ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పేవాడు, అంతే. ఏ బిల్లుకని నేను అడిగితే "మనవాడే కదా" అనేవాడు.

జిల్లాల్లో కొత్త యాప్ రిబ్బన్ కత్తిరించే ముందు, ఇప్పటికే ఇచ్చిన డాంగిళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో ఒక్కసారి చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయండని కలెక్టర్లను వేడుకుంటున్నాను.