30 వేల బాత్ జీతానికి 25 లక్షల లోనా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, మాది తణుకు. ఎం.ఏ. ఇంగ్లిష్ చేసి మూడేళ్లుగా థాయ్‌లాండ్ చోన్‌బురిలో ఏజెన్సీ తరఫున ఒక స్కూల్లో ఇంగ్లిష్ చెబుతున్నాను. జీతం 30 వేల బాత్, ఖర్చు 18 వేలు. మార్చి, ఏప్రిల్‌లో జీతం రాదు. ఊళ్లో బ్యాంకులో 2.4 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఆరున్నర శాతం వడ్డీ. ఇక్కడికి వచ్చేటప్పుడు అమ్మ నగల మీద తెచ్చిన 1.8 లక్షలకు 12 శాతం కడుతున్నాం. 25 లక్షల లోన్‌తో యూకేలో ఎమ్మే టెసోల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పే చదువు) చేయమని ఒక కన్సల్టెన్సీ వెంటపడుతోంది. బ్యాంకాక్‌లో సెల్టాకు, అంటే ఇంగ్లిష్ బోధనకు కేంబ్రిడ్జ్ ఇచ్చే సర్టిఫికెట్ కోర్సుకు, 55 వేల బాత్ అడిగారు. సెల్టా ఉంటే నేరుగా తీసుకుని నెలకు 36 వేలు, 12 నెలలూ ఇస్తామని ఒక స్కూలు అంది. ఏది మేలు?

జవాబు: ముందు మీరు రాసిన ఒక్క లైను దగ్గర ఆగుదాం. మార్చి, ఏప్రిల్‌లో జీతం రాదన్నారు కదా, అంటే మీది 30 వేల ఉద్యోగం కాదండీ, ఏడాదికి సర్దితే 25 వేల ఉద్యోగం. పది నెలలు 12 వేల చొప్పున 1,20,000 మిగులుతుంది, జీతం లేని రెండు నెలలూ తిండికీ అద్దెకూ 36 వేలు పోతుంది, చివరికి చేతిలో ఉండేది 84 వేలు. నెలకు 7 వేల బాత్. బాత్‌ను మోటుగా 2.70 రూపాయలు అనుకుంటే 18,900 రూపాయలు. ఇప్పుడు ఆ 25 లక్షల లోన్ చూడండి. 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకున్నా ఈఎంఐ 34,400 పైనే, చదువుకునే రోజుల్లో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. ఎమ్మే పట్టుకుని మళ్లీ ఇలాంటి జీతానికే వస్తే ఏం చేస్తారు? కన్సల్టెన్సీ వాళ్లకు మీరు విమానం ఎక్కితే చాలు, ఈఎంఐ వాళ్లు కట్టరుగా.

ఎమ్మే చెడ్డదని కాదు. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే అది పనికొస్తుంది. కానీ దానికి మీ వంతు ఇంకా రాలేదు.

సెల్టా లెక్క వేరు. ఇప్పుడు ఏడాదికి మీకు వచ్చేది 3 లక్షల బాత్, ఆ స్కూలు అన్నట్టే ఇస్తే 4,32,000. తేడా 1,32,000, అంటే ఫీజు అయిదు నెలల్లో తిరిగొచ్చేస్తుంది. అయితే ఇక్కడ చిన్న తిరకాసు ఉంది, ఆ తేడాలో 60 వేలు సెల్టా వల్ల పెరిగేది కాదు, ఇప్పటి మీ జీతమే ఆ రెండు నెలలకూ ఇస్తే వచ్చేది. కాబట్టి ఏ సర్టిఫికెట్టూ లేకుండా ఈ మాట రేపే మీ ఏజెన్సీని అడగొచ్చు. ఒప్పుకోకపోవచ్చు, అడగడానికి ఫీజు లేదుగా!

ఫుల్‌టైమ్ సెల్టా నాలుగైదు వారాలు. నిజమైన విద్యార్థుల ముందు ఆరు గంటలు పాఠం చెప్పించి, పరిశీలించి మార్కులేస్తారు. ఆన్‌లైన్లో ఆఫర్ ధరకు దొరికే 120 గంటల సర్టిఫికెట్లకూ దీనికీ తేడా అదే, వాటితో జీతం పెరిగినవాళ్లను నేనైతే చూడలేదు. ఏప్రిల్‌లో ఎలాగూ ఖాళీ, ఎలాగూ జీతం లేదు, ఆ నెలలో పెట్టుకోండి.

ఈ ఏప్రిల్ కాదు, వచ్చే ఏడాది. ముందు అమ్మ నగలు విడిపించండి. ఒక బ్యాంకులో ఆరున్నరకు దాచి, ఇంకోచోట పన్నెండు కట్టడం ఏం పొదుపు? ఎఫ్‌డీ మధ్యలో తీస్తే కాస్త కోత పడుతుంది, పడనివ్వండి. 1.8 లక్షలు తీర్చేశాక మిగిలే 60 వేలను అత్యవసరానికి అలాగే ఉంచి, మే నుంచి ఫిబ్రవరి దాకా దాచిన 1,20,000 బాత్‌లో ఫీజుకు 55 వేలు, రెండు నెలల ఖర్చుకు 36 వేలు తీసినా 29 వేలు మిగులుతుంది. రూపాయి అప్పు లేదు.

ఆ తర్వాత డెల్టా, అంటే సెల్టాకు పై మెట్టు డిప్లొమా. మూడు మాడ్యూళ్లు విడివిడిగా, వీలున్నప్పుడు ఒక్కోటి కట్టుకుంటూ పోవచ్చు, మొదటిదాని రాత పరీక్ష జూన్‌లో, డిసెంబరులో ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు డెల్టాకు ఎమ్మేలో క్రెడిట్లు ఇస్తాయి, అప్పుడు ఎమ్మే ఖర్చు కూడా తగ్గుతుంది.

స్కూళ్లలోనే ఉండిపోదామనుకుంటే మాత్రం సెల్టా, డెల్టా సరిపోవు. అక్కడి టీచర్స్ కౌన్సిల్ కురుసఫా ఇచ్చే తాత్కాలిక అనుమతి రెండేళ్లకే, ఎన్నిసార్లు పొడిగిస్తారన్న దానికీ హద్దుంది. పూర్తి లైసెన్సుకు బోధనలో డిగ్రీయో, దానికి సమానమైనదో అడుగుతారు. యూకే యూనివర్సిటీల ఇంటర్నేషనల్ పీజీసీఈ (టీచర్లకు ఇచ్చే పీజీ సర్టిఫికెట్) ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు గానీ, దాంతో యూకే టీచరు హోదా రాదు. ఫీజు కట్టేముందు అది తమ దగ్గర చెల్లుతుందో లేదో కురుసఫా చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, ఏజెంటు వాట్సాప్ మెసేజ్ లెక్కలోకి రాదు. ఇండియా బీఎడ్ అయితే, టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో చూడకుండా పైసా కట్టొద్దు.

ఇంకో పని. మూడేళ్లుగా బయట ఉంటూ ఊళ్లో మామూలు సేవింగ్స్ ఖాతానే వాడుతుంటే, దాన్ని విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలోని డబ్బుకు వాడే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించి, ఇకపై బయటి నుంచి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవండి, ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు.

36 వేలిస్తామన్న ఆ స్కూలు మాట నోటిమాటేనా? సెల్టాకు డబ్బు కట్టేలోపు వాళ్ల నుంచి మెయిల్ తెప్పించుకోండి, అందులో జీతం పక్కన ‘12 నెలలు’ అని ఉందో లేదో చూడండి.